మీడియావికీ ఫైల్ క్యాషె: చిన్న తెలుగు వికీలకు ఎంతవరకు ఉపయోగపడుతుంది?

సొంత సర్వరు పెట్టుకునే స్తోమత లేని సాహిత్య సంఘాలు, పాత పత్రికలను భద్రపరిచే బృందాలు, తమ మండలంలోని గ్రామాల చరిత్రను నలుగురూ కలిసి రాసుకునేవారు ఈ మధ్య మీడియావికీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మీద సొంత వికీలను మొదలుపెడుతున్నారు. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తున్నది ఈ సాఫ్ట్‌వేరు మీదే కాబట్టి, అక్కడ రాసిన అలవాటున్నవారికి ఇది పరిచయమైన పనిముట్టు. కానీ వికీపీడియా వెనుక ఉన్న సర్వర్ల బలం మనకు ఉండదు. నెలకు కొన్ని వందల రూపాయలకు దొరికే షేర్డ్ హోస్టింగులో (ఒకే సర్వరును చాలామంది పంచుకునే ఏర్పాటు) పెట్టిన వికీ, ఏదైనా వ్యాసం లింకు నాలుగు వాట్సాప్ గుంపుల్లోకి వెళ్లగానే మొరాయిస్తుంది. ఆ పరిస్థితికి మందుగా మీడియావికీలోనే చాలాకాలంగా ఉన్న సదుపాయం ఫైల్ క్యాషె, అంటే ఒకసారి తయారైన పేజీని ఫైలుగా దాచి మళ్లీ మళ్లీ అందించే ఏర్పాటు. తెలుగులో నడిచే వికీకి ఇది ఏ మేరకు పనికొస్తుందో, ఎక్కడ ఏ హెచ్చరికా లేకుండా పని చేయడం మానుకుంటుందో వివరించడం ఈ సమీక్ష ఉద్దేశం. షేర్డ్ హోస్టింగులో ఉన్నవారికి ఇది తప్పక పెట్టుకోవలసినదేనని నా అభిప్రాయం. అయితే కేవలం ఆన్ చేసి వదిలేస్తే తెలుగు వికీలో దీని ప్రయోజనంలో పెద్ద భాగం అందకుండా పోతుంది.

ముందుగా పని తీరు. ఒక వ్యాసాన్ని ఎవరైనా తెరిచినప్పుడు మీడియావికీ వికీ పాఠ్యాన్ని డేటాబేసు నుంచి తీసి, అందులోని మూసలన్నిటినీ (చాలా వ్యాసాల్లో వాడే ఉమ్మడి ముక్కలు) విప్పి, హెచ్‌టీఎంఎల్‌గా మార్చి, దాని చుట్టూ మెనూలు, పక్కపట్టీ, అడుగు పట్టీ చేర్చి పంపుతుంది. పార్సర్ క్యాషె అనే మరో ఏర్పాటు వ్యాసం లోపలి భాగాన్ని మాత్రమే దాచిపెడుతుంది. వేరే ఏమీ అమర్చకపోతే దాన్నీ డేటాబేసులోనే దాస్తుంది కాబట్టి భారం పూర్తిగా తగ్గదు. ఫైల్ క్యాషె మాత్రం మొత్తం పేజీని, మెనూలతో సహా, ఒక ఫైలుగా డిస్కు మీద రాసి పెట్టి, తర్వాత వచ్చిన పాఠకుడికి దాన్నే తీసి ఇస్తుంది. అయినా ఇది సర్వరు నేరుగా అందించే స్థిర పేజీతో సమానం కాదు. పీహెచ్‌పీ (మీడియావికీని రాసిన భాష) మొదలవుతుంది, లోకల్‌సెట్టింగ్స్ అనే అమరికల ఫైలు చదవబడుతుంది, ఆ పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో డేటాబేసును అడగడమూ జరుగుతుంది. ఆ తర్వాతే ఫైలు బయటికి వస్తుంది. కాబట్టి పీహెచ్‌పీ ఆప్‌క్యాషెను (ప్రోగ్రామును ప్రతిసారీ కొత్తగా చదవనక్కరలేకుండా సిద్ధంగా ఉంచే ఏర్పాటు) ఆన్ చేయకుండా ఫైల్ క్యాషె ఒక్కదాని మీద ఆశ పెట్టుకోవడం సరికాదు. బరువైన మూసలున్న పెద్ద వ్యాసాల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు వాక్యాల మొలక వ్యాసంలో అంతగా తెలియదు.

అమరిక చాలా సులభం. లోకల్‌సెట్టింగ్స్‌లో యూజ్ ఫైల్ క్యాషె అనే చరరాశిని నిజం చేసి, ఫైల్ క్యాషె డైరెక్టరీ అనే దానికి ఒక ఫోల్డరు దారి ఇస్తే సరిపోతుంది. యూజ్ జీజిప్ అనే మూడో చరరాశిని కూడా నిజం చేయమని నా సలహా. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది, పైగా ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది కూడా రెండు విలువల్లో ఒకటే కాబట్టి, తెలుగు పేజీలు కుదింపుకు బాగా లొంగుతాయి. డిస్కు చోటు, పాఠకుడి డేటా రెండూ ఆదా అవుతాయి.

ఆ ఫోల్డరులో వెబ్ సర్వరు రాయగలగాలి. ఉబుంటు, డెబియన్‌లలో సర్వరు నడిచే ఖాతా, మనం టెర్మినల్‌లో లాగిన్ అయ్యే ఖాతా వేర్వేరుగా ఉంటాయి; నిర్వహణ స్క్రిప్టును సర్వాధికారాలున్న రూట్ ఖాతాతో నడిపితే తయారైన ఫైళ్లన్నీ రూట్ పేరు మీద ఉండిపోయి, తర్వాత వ్యాసం మారినప్పుడు వాటిని సర్వరు తిరగరాయలేదు. అప్పుడు పేజీ తప్పుగా రాదు గానీ, ప్రతిసారీ మొదటి నుంచి తయారవుతుంది. క్యాషె ఉందన్న మాటే గానీ ఫలితం ఉండదు. అందుకే ఈ ఫైళ్లను ముందుగానే తయారుచేసే రీబిల్డ్ ఫైల్ క్యాషె స్క్రిప్టును ఎప్పుడూ సర్వరు ఖాతా పేరుతోనే నడపాలి. మీడియావికీ 1.40 నుంచి ఇలాంటి స్క్రిప్టులన్నిటినీ రన్ అనే ఒకే ప్రవేశ స్క్రిప్టు ద్వారా పిలుస్తున్నారు.

క్యాషె పని చేస్తోందో లేదో చూడడానికి ఏ పరికరమూ అక్కరలేదు. లాగౌట్ అయ్యి, వ్యాసాన్ని రెండుసార్లు తెరిచి, పేజీ మూలాన్ని చూస్తే, చివరి ట్యాగుకు ముందు క్యాష్డ్ అన్న మాట, దాని పక్కన సంవత్సరం నుంచి సెకను దాకా 14 అంకెల సమయ ముద్ర ఒక వ్యాఖ్యగా కనిపించాలి. కుదించిన ఫైలైతే ఆ మాట పక్కన కంప్రెస్డ్ అని కూడా ఉంటుంది. ఇంత నిజాయితీగా తన ఉనికిని చూపించే అమరిక నాకు నచ్చింది. ఈ సమీక్షలో ఇకపై చెప్పే, క్యాషె అందని సందర్భాలను ఆ ఒక్క వరుస ఉందా లేదా అన్నదాన్ని బట్టే మీరు సొంతంగా నిర్ధారించుకోవచ్చు.

ఎవరికి ఈ ఫైలు అందుతుందన్న విషయంలో నియమాలు కట్టుదిట్టంగా ఉన్నాయి. లాగిన్ అయినవారికి ఎప్పుడూ అందదు, ఎందుకంటే వారి పేరు, వీక్షణ జాబితా, అభిరుచులు పేజీలో కలుస్తాయి. అజ్ఞాత వాడుకరికి చర్చా పేజీలో కొత్త సందేశం ఉంటే అందదు. పాత కూర్పులకు, తేడాల పేజీలకు, దారిమార్పు (ఒక పేరు నుంచి మరో పేరున్న వ్యాసానికి పంపే పేజీ) ద్వారా చేరిన పేజీలకు అందదు. మామూలు వ్యాస వీక్షణం, దాని చరిత్ర పేజీ, ఈ రెండింటికే క్యాషె. వికీలో రాసేవారికి దీనివల్ల వేగం పెరగదన్నది దీన్ని బట్టి అర్థమవుతుంది. వారి కోసం ఏపీసీయూ లాంటి జ్ఞాపక క్యాషెను ప్రధాన క్యాషెగా విడిగా అమర్చుకోవాలి. దారిమార్పుల విషయం తెలుగులో కొంచెం గట్టిగానే తగులుతుంది. ఒకే ఊరి పేరును రెండు మూడు వర్ణక్రమాల్లో రాసే అలవాటు మనది కాబట్టి మన వికీల్లో దారిమార్పులు ఎక్కువ. మొదటి పేజీలోనూ, బాగా వాడే మూసల్లోనూ ఇచ్చే లింకులను దారిమార్పు మీదుగా కాకుండా నేరుగా అసలు వ్యాసానికే ఇస్తే ఆ మేరకు లాభం.

ఇప్పుడు తెలుగు వికీలకు అతి ముఖ్యమైన సంగతి: వ్యాసం పేరు పొడవు. ఫైల్ క్యాషె ఒక పేజీని దాచేటప్పుడు వ్యాసం పేరును వెబ్ చిరునామాల్లో రాసినట్టు శాతం గుర్తులతో మార్చి, దాన్నే ఫైలు పేరుగా వాడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా ఉండిపోతాయి. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు, మొత్తం తొమ్మిది. ఇక్కడ గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. శ్రీ అన్న ఒక్క అక్షరంలోనే శకారం, పొల్లు, రేఫ, ఈత్వం అని నాలుగు గుర్తులున్నాయి, అంటే ఫైలు పేరులో 36 స్థానాలు. లినక్సులో సాధారణంగా వాడే ఫైల్ వ్యవస్థల్లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. చివర చేరే, ఫైలు రకాన్ని తెలిపే పొడిగింపును మినహాయిస్తే తెలుగు పేరుకు మిగిలేది 27 గుర్తుల చోటు మాత్రమే.

శ్రీకృష్ణదేవరాయలు అన్న పేరులో 17 గుర్తులు, అవి 153 స్థానాలుగా మారతాయి, ఇబ్బంది లేదు. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం అన్న పేరులో తెలుగు గుర్తులు 36, మధ్యలో మూడు ఖాళీలు; అవి 327 స్థానాలవుతాయి. ఆ ఫైలును రాయడం సాధ్యం కాదు. మీడియావికీ వ్యాసం పేరుకు 255 బైట్ల దాకా అనుమతిస్తుంది, అంటే తెలుగులో 85 గుర్తులు. కాబట్టి వ్యాసం సృష్టించేటప్పుడు ఎవరికీ ఏ హెచ్చరికా కనబడదు. ఫైలు రాయడం విఫలమైనా పాఠకుడికి పేజీ మామూలుగానే వస్తుంది, సర్వరు లాగులో మాత్రం పేరు మరీ పొడవన్న వరుస పడుతుంది. సంస్థల పేర్లు, శాసనసభ నియోజకవర్గాల పేర్లు, ఊరి పేరు పక్కన బ్రాకెట్లో మండలం పేరు చేర్చిన శీర్షికలు ఈ హద్దును తరచుగా దాటతాయి. వర్గం పేజీలకైతే ముందు వచ్చే వర్గం అన్న పదం, కోలను కలిసి 48 స్థానాలు తీసుకుంటాయి కనుక మిగిలేది 22 గుర్తులే.

దీన్ని చిన్న లోపంగా నేను పరిగణించలేను. ఈ సాఫ్ట్‌వేరు ఫైలును ఏ ఉపఫోల్డరులో పెట్టాలో నిర్ణయించడానికి పేరు నుంచి ఎండీ5 విలువను (ఎంత పొడవు పేరుకైనా వచ్చే 32 అక్షరాల గుర్తు) ఎలాగూ లెక్కిస్తోంది. ఫైలు పేరుగా కూడా ఆ 32 అక్షరాలనే వాడి ఉంటే తెలుగు, తమిళం, హిందీ, బంగ్లా వికీలన్నిటికీ ఈ బాధ ఉండేది కాదు. మనవైపు నుంచి చేయగలిగింది, ఎక్కువగా చదివే వ్యాసాల పేర్లను వీలైనంత పొట్టిగా ఉంచడం. కానీ క్యాషె కోసం ఒక సంస్థ అధికారిక నామాన్ని కుదించమని నేను ఎవరికీ చెప్పను. పేరు సరిగ్గా ఉండడం విజ్ఞాన సర్వస్వానికి వేగం కన్నా ముఖ్యం.

రెండో సంగతి భాషను గుర్తించడం. తెలుగులో టైపు చేసే సౌకర్యం, ఫాంట్లు కావాలని చాలామంది యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ అనే పొడిగింతను (మీడియావికీకి అదనంగా చేర్చుకునే భాగం) స్థాపిస్తారు, అది సహజమే. కానీ అది పాఠకుడి బ్రౌజరు భాషను చూసి మెనూలను ఆ భాషలోకి మార్చగలదు. ఫైల్ క్యాషె నియమం ప్రకారం మెనూల భాష, వికీ భాష ఒకటే అయితేనే ఫైలు అందుతుంది. మన ప్రాంతంలో ఫోన్లు, కంప్యూటర్లు ఎక్కువగా ఇంగ్లీషు అమరికతోనే ఉంటాయి. తెలుగు వ్యాసం చదవడానికి వచ్చినవారిని కూడా ఈ పొడిగింత ఇంగ్లీషు వాడుకరులుగా గుర్తించి మెనూలను ఇంగ్లీషులో చూపిస్తే, వారికి క్యాషె అందదు, వారి సందర్శన వల్ల కొత్త ఫైలూ తయారు కాదు. భాషను తనంతట తాను గుర్తించే అమరికను ఆపివేస్తే టైపింగు సౌకర్యం అలాగే ఉంటుంది, మెనూలు అందరికీ తెలుగులోనే కనిపిస్తాయి, క్యాషె పని చేయడం మొదలవుతుంది. తెలుగు వికీలో మెనూలు తెలుగులో ఉండడమే న్యాయం కాబట్టి ఈ మార్పును నేను సంతోషంగా సిఫారసు చేస్తున్నాను.

మూడోది మొబైలు. మొబైల్‌ఫ్రంటెండ్ పొడిగింత ఒకే చిరునామా మీద కంప్యూటరుకు ఒక రూపం, ఫోనుకు మరో రూపం చూపిస్తుంది. ఒక రూపం మరొకరికి వెళ్లకుండా ఉండేందుకు ఫోను వీక్షణలకు ఫైల్ క్యాషెను ఆ పొడిగింతే ఆపివేస్తుంది. జాగ్రత్త సరైనదే, కానీ మన పాఠకులు చాలావరకు ఫోన్ల మీదే చదువుతారు కనుక ఎవరి కోసం క్యాషె పెట్టామో వారికే అందకుండా పోతుంది. దీనికి మార్గం, ఆ పొడిగింతను వదిలేసి, తెర వెడల్పును బట్టి తనే సర్దుకునే రూపాన్ని అందరికీ ఒకటే పెట్టడం. టైమ్‌లెస్ అందుకు అనువైనది. మినర్వాను కూడా పొడిగింత లేకుండా నేరుగా వాడవచ్చు. చిన్న వికీకి మొబైల్‌ఫ్రంటెండ్ ఇచ్చే అదనపు సౌకర్యాల కన్నా ఈ వేగమే విలువైనదని నా అంచనా.

పేజీ తాజాదనం విషయంలో ఫైల్ క్యాషె నమ్మదగినదే. వ్యాసం మారితే డేటాబేసులోని సమయం ఫైలు సమయం కన్నా ముందుకు వెళుతుంది, పాత ఫైలు చెల్లకుండా పోతుంది. మూసను మార్చినప్పుడు దాన్ని వాడే వ్యాసాల సమయాలు జాబ్ క్యూ (వాయిదా వేసిన పనుల వరుస) ద్వారా మారతాయి. డిఫాల్టుగా ఆ పనులు పాఠకుల సందర్శనల వెంట నడుస్తాయి కాబట్టి రాకపోకలు తక్కువైన వికీలో ఆలస్యమవుతాయి; క్రాన్ (నిర్ణీత సమయాల్లో పనులు నడిపే ఏర్పాటు) ద్వారా రన్ జాబ్స్ స్క్రిప్టును కొద్ది నిమిషాలకొకసారి నడిపించడం మంచిది.

కాలాన్ని బట్టి మారే పేజీల సంగతి వేరు. మొదటి పేజీలో చరిత్రలో ఈ రోజు లాంటి శీర్షిక పెట్టుకుంటే, ఆ పేజీని ఎవరూ తాకనంతవరకు నిన్నటి విశేషాలే కనిపిస్తాయి, ఎందుకంటే ఈ క్యాషెకు గడువు తేదీ అనేది లేదు. అర్ధరాత్రి దాటాక మొదటి పేజీని పర్జ్ చేసే (పాత ప్రతిని తీసేసి కొత్తగా తయారుచేయించే) ఒక క్రాన్ పని పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది. లోకల్‌సెట్టింగ్స్ ఫైలును మార్చి భద్రపరచిన ప్రతిసారీ అంతకు ముందరి క్యాషె మొత్తం చెల్లనిదవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఇది డిఫాల్టు అమరిక, మంచి అమరికే; అయితే జనం ఎక్కువగా వచ్చే సాయంత్రం వేళ ఆ ఫైలులో చిన్న కామా సర్దినా వికీ మొత్తం ఒక్కసారిగా మళ్లీ తయారు కావలసి వస్తుంది.

ఎక్కడా పెద్దగా ప్రచారం లేని గొప్ప గుణం ఒకటుంది. డేటాబేసు అందుబాటులో లేనప్పుడు మీడియావికీ ఫైల్ క్యాషెలో ఆ పేజీకి ఏ ప్రతి ఉన్నా, అది పాతదైనా సరే, దాన్నే చూపించి, లోపం గురించిన గమనికను దానితో పాటే ఇస్తుంది. షేర్డ్ హోస్టింగులో డేటాబేసు సర్వరు కాసేపు మూలనపడడం మామూలు విషయం. మేము వాడిన ఒక హోస్టింగులో అది తరచుగానే జరిగేది. ఆ సమయంలో ఖాళీ తెరకు బదులు పాఠకుడికి వ్యాసం చదవడానికి దొరికేది. ఈ ఒక్క గుణం కోసమైనా రీబిల్డ్ స్క్రిప్టుతో వ్యాసాలన్నిటికీ ముందుగానే ఫైళ్లు తయారుచేసి ఉంచడం సమంజసం.

భద్రత గురించి రెండు మాటలు. మీడియావికీతో వచ్చే క్యాషె ఫోల్డరులో బయటివారిని అడ్డుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైలు ఉంటుంది. అపాచీ అనే వెబ్ సర్వరు దాన్ని పాటిస్తుంది, ఎన్జింక్స్ అనే మరో వెబ్ సర్వరు అసలు చూడదు. ఎన్జింక్స్ వాడేవారు ఆ ఫోల్డరును వెబ్ మూలానికి వెలుపల పెట్టాలి, లేదా దానికి దారి మూసే నియమం విడిగా రాయాలి. సభ్యులు మాత్రమే చదవగల వికీకి ఫైల్ క్యాషె అక్కరలేదు. అక్కడ అజ్ఞాత పాఠకులే ఉండరు. హోస్టింగు ప్యాకేజీలో మొత్తం ఫైళ్ల సంఖ్య మీద పరిమితి ఉంటే దాన్నీ చూసుకోవాలి. ఒక్కో వ్యాసానికి వీక్షణ ఫైలు ఒకటి, చరిత్ర ఫైలు మరొకటి చొప్పున చేరతాయి, శోధన బాట్లు చరిత్ర పేజీలను కూడా వదలకుండా తిరగేస్తాయి. బాట్లకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైలులో చరిత్ర పేజీలను నిషేధిస్తే మర్యాద గల బాట్లు ఆగుతాయి. మర్యాద లేనివి పాత కూర్పులు, తేడాల వెంట పడతాయి, వాటికి క్యాషె అసలు వర్తించదు కాబట్టి ఆ భారాన్ని ఇది ఏ మాత్రం తగ్గించలేదు. బాట్ల తాకిడి వల్లే వికీ నెమ్మదిస్తోందని లాగుల్లో తేలితే ఆ సమస్యకు పరిష్కారం సర్వరు స్థాయిలో వెతకాలి.

వర్చువల్ సర్వరు తీసుకునే వీలున్నవారికి నా సిఫారసు వేరు. అక్కడ వార్నిష్ (వెబ్ సర్వరుకు ముందు నిలిచి పేజీలు అందించే క్యాషె) పెట్టుకుని, మీడియావికీలో యూజ్ సీడీఎన్ అమరికను ఆన్ చేస్తే, పీహెచ్‌పీని తట్టకుండానే పేజీలు వెళతాయి, వ్యాసం మారగానే ఆ ఒక్క పేజీని తొలగించమని వార్నిష్‌కు కబురూ వెళుతుంది. ఫైలు పేర్ల పొడవు గొడవ అక్కడ లేదు. వికీమీడియా సంస్థ కూడా తన వికీలను ఇలాంటి ముందు వరుస క్యాషెల మీదే నడుపుతోంది. 2018లో సింగపూరులో పెట్టిన వారి కేంద్రం ఆసియా పాఠకుల కోసం ఉద్దేశించినదే. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ డిఫాల్టుగా బొమ్మలు, స్టైల్ ఫైళ్లు మాత్రమే దాస్తుంది, వ్యాసాల పేజీలను దాచదు కాబట్టి దాన్ని ఫైల్ క్యాషెకు బదులుగా కాక తోడుగా వాడవచ్చు. షేర్డ్ హోస్టింగు నుంచి వర్చువల్ సర్వరుకు మారే రోజున యూజ్ ఫైల్ క్యాషెను ఆపి, పాత ఫోల్డరును ఖాళీ చేసి, డేటాబేసును, అప్‌లోడు చేసిన బొమ్మలను తీసుకువెళ్లాలి. పాత క్యాషె ఫైళ్లను కూడా కాపీ చేస్తే వాటికి కొత్త తేదీలు పడి, చెల్లని పేజీలు కూడా తాజా పేజీలుగా పాఠకుల ముందుకు వచ్చే ప్రమాదం ఉంది.